ఇంత చిన్న డాంగిల్ కంప్యూటర్ మొత్తాన్ని ఎలా పడేస్తుంది?

మేడ్చల్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన గానీ, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కన గానీ ధర్మకాంటా గదుల్లోకి తొంగిచూస్తే సరంజామా చాలావరకు ఒకేలా ఉంటుంది. బరువు చూపించే ఇండికేటర్, దాని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు, అందులోంచి బయల్దేరిన కేబుల్. ఇప్పటి చాలా కంప్యూటర్లకు ఆ పోర్టు ఉండదు కాబట్టి మధ్యలో ఒక యూఎస్‌బీ కన్వర్టర్, అదే ఆ డాంగిల్. లారీ కాంటా మీదే ఉంటుంది, స్లిప్పు కొట్టబోతుంటే తెర నీలంగా మారి కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే వినిపించే మొదటి మాట: “విండోస్ మళ్లీ వేయాలి సార్.”

చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. ఎందుకో చూద్దాం.

ట్యాలీలాంటి మామూలు ప్రోగ్రాం మొరాయిస్తే అదొక్కటే మూతపడుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. దాని మెమరీ వేరు, సిస్టమ్ మెమరీ వేరు. కానీ యూఎస్‌బీ పరికరాన్ని నడిపించే డ్రైవర్ సాధారణంగా కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున పనిచేస్తుంది. అద్దె వాటాలో కుళాయి చెడితే ఆ వాటాకే ఇబ్బంది, మిద్దె మీద ట్యాంకు పగిలితే ఇల్లంతా నీళ్లుండవు. డ్రైవర్ తనది కాని మెమరీని తాకిందంటే విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగకుండా ముందుకెళ్తే హార్డ్ డిస్కులో ఉన్న లెక్కలు కూడా పాడవుతాయన్న భయం దానిది. అంటే నీలి తెర వచ్చిందంటే డేటా పోయిందని కాదు, పోకుండా విండోస్ బ్రేకు వేసిందని.

2024 జులై 19న ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయి, మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు గుర్తుందా? అందులో యూఎస్‌బీ ప్రమేయం లేదు. అయినా మూలం ఇదే, కెర్నెల్‌లో కూర్చున్న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ డ్రైవర్. యూఎస్‌బీ కథే కావాలంటే 1998 ఏప్రిల్ 20న చికాగోలో బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే విండోస్ 98కి స్కానర్ తగిలించారు, వెంటనే నీలి తెర వచ్చింది. అంత పెద్దాయనకే తప్పలేదు, కాంటా గుమస్తా ఎంత!

మరి ఎప్పుడో ఒకప్పుడే ఎందుకు పడిపోతుంది? తూకం సాఫ్ట్‌వేర్ కన్వర్టర్ నుంచి అంకెలు చదువుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో ప్లగ్గు కదిలితే, మంచి డ్రైవర్ “పరికరం పోయింది” అని చెప్పి ఊరుకుంటుంది. నాసిరకం డ్రైవర్ లేని పరికరం కోసం వెతుక్కుంటూ వెళ్లి మెమరీలో తప్పుచోట కాలు పెడుతుంది.

ఈ కన్వర్టర్లలో ఎక్కువగా కనిపించే చిప్‌లలో ఒకటి పీఎల్2303. దాని పాత రకాన్ని కొత్త విండోస్‌కు తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపిస్తుంది: ఈ చిప్‌ను 2012 నుంచే నిలిపేశాం, అమ్మినవారిని సంప్రదించండి అని. అమ్మినవారు ఇప్పుడు ఏ దుకాణంలో ఉన్నారో! దాన్ని ఎలాగైనా నడిపించాలని ఎక్కడెక్కడివో పాత డ్రైవర్లు వెతికి ఎక్కించడంతో అసలు తంటా మొదలవుతుంది. కొత్త కన్వర్టర్ కొనడమే చవక.

ఇక మా పారిశ్రామికవాడల ప్రత్యేకత కరెంటు. పక్క షెడ్డులో వెల్డింగ్, పెద్ద మోటార్లు, అంతంతమాత్రం ఎర్తింగ్. ఈ విద్యుత్ అలజడి కేబుల్‌లోకి చొరబడి పరికరాన్ని క్షణంపాటు తెంపేస్తుంది. లినక్స్ ఉన్న కంప్యూటర్లో ఇలా జరిగితే లాగ్‌లో ‘ఈఎంఐ?’ అని ప్రశ్నార్థకంతో సహా రాసిపెడుతుంది. బ్యాంకు వాయిదా గురించి కాదు, విద్యుదయస్కాంత అలజడి అయ్యుండొచ్చని దాని అనుమానం. విండోస్‌లో అదే పనిగా ‘టింగ్ టంగ్’ శబ్దాలు వస్తుంటే అదే సూచన. కంప్యూటర్‌నీ ఇండికేటర్‌నీ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకు పెట్టించండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. దూరం ఎక్కువైతే 15 మీటర్ల దాకా తట్టుకునే సీరియల్ వైపు పొడిగించాలి తప్ప యూఎస్‌బీ వైపు కాదు.

దోషి ఎవరో తేల్చడం ఎలా? తెర నీలంగా మారగానే (విండోస్ 11 కొత్త వెర్షన్లలో నల్లగా మారుతుంది) ఫోన్‌తో ఫోటో తీయండి. అడుగున చాలాసార్లు డాట్ ఎస్‌వైఎస్‌తో ముగిసే ఫైలు పేరు ఉంటుంది. ‘ఎస్ఈఆర్2పీఎల్’తో మొదలైతే అది పైన చెప్పిన చిప్ డ్రైవరే. ఫోటో అందకపోతే సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి మినీడంప్ ఫోల్డర్‌లో ఫైళ్లు చూడండి. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఆ ఫైళ్లను చదివి పేరు చెప్పేస్తుంది. ఆ డ్రైవర్ తీసేసి, చిప్ తయారుచేసిన కంపెనీ ఇచ్చినది వేయండి. తర్వాత షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్ పాత స్థితినే దాచిపెట్టుకుని మర్నాడు మళ్లీ తెస్తుంది. కాసేపు ఖాళీగా ఉన్నాకే కన్వర్టర్ మాయమవుతుంటే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపే టిక్కు తీసేయాలి. కన్వర్టర్‌ను వేరే పోర్టుకు మారిస్తే కామ్ (సీరియల్ పోర్టు) నంబరు మారొచ్చు, తూకం సాఫ్ట్‌వేర్‌లోనూ మార్చుకోవాలి.

మీసేవ వేలిముద్ర యంత్రానికీ, జీఎస్టీ డిజిటల్ సంతకం టోకెన్‌కూ ఇదే వరస. ఒక్క సందర్భం మాత్రం వేరు: నీలి తెర లేకుండా, ప్లగ్గు పెట్టగానే కంప్యూటర్ టప్పున ఆరిపోతే అది డ్రైవర్ పని కాదు. పోర్టులో పిన్నులు వంగి షార్ట్ అవుతున్నాయేమో టార్చి వేసి చూడండి, అనుమానం ఉంటే ఆ పోర్టు వాడకండి. అన్నీ చూశాకా కుదరకపోతే షాపుకు వెళ్లండి, కానీ ఆ ఫోటో, ఆ కన్వర్టర్ రెండూ వెంట తీసుకెళ్లండి. వేరే కన్వర్టర్‌తో ఒక పూట నడిపి చూడందే ఫార్మాట్‌కు ఒప్పుకోకండి.