కూలినచోటే మళ్లీ లేచే గుళ్లు

మన దగ్గర నుంచి నేపాల్ వెళ్లేవారిలో చాలామంది పశుపతినాథుణ్ణి, ముక్తినాథుణ్ణి దర్శించుకుని తిరుగు ప్రయాణం కడతారు. భూటాన్ వెళ్లినవారు పారో కొండచరియకు అతుక్కున్నట్టుండే తక్త్‌సాంగ్ మఠం ముందు ఫొటోలు దిగుతారు. ఈ రెండు దేశాలనూ కలిపి ఒకే యాత్రగా, అక్కడి కట్టడాలను నిలబెడుతున్న పనితనం కోసం చూడాలి. మనం పురాతనమనుకునే వాటిలో కొన్ని కూలి లేచినవే. 1692లో కట్టిన తక్త్‌సాంగ్ 1998లో కాలిపోయింది; ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టినది. ఖాట్మండుకు పేరిచ్చిన కాష్ఠమండపం 2015 ఏప్రిల్ 25 భూకంపంలో నేలమట్టమై, పాత పద్ధతిలోనే కర్రతో, ఇటుకతో మళ్లీ లేచింది.

అలాంటప్పుడు అది నకలే కదా, అంత దూరం వెళ్లి చూడడమెందుకని అడగవచ్చు. కానీ భూకంపాల నేల మీద కర్రతో, మట్టితో కట్టినది మరమ్మతు లేకుండా శతాబ్దాలు నిలవదు. ఇది తెలిసిన ఖాట్మండు లోయవాసులైన నేవార్లు గుఠి అనే సంఘాలు పెట్టుకున్నారు. గుడికి రాసిచ్చిన భూముల రాబడితో పూజ, జాతర, మరమ్మతు అన్నీ నడిచేవి. అలాగని తిరిగి కట్టిన ప్రతిదీ అసలైనదే అనలేం. 2015 తర్వాత ఖాట్మండులోని రాణీపోఖరి కోనేటి పనుల్లో కాంక్రీటు వాడబోతే స్థానికులు అడ్డుపడి ఆపించారు. చివరికి 2020లో ఆ పని సంప్రదాయ పద్ధతిలోనే పూర్తయింది. కొలతలు మాత్రమే కుదిరితే చాలదని, పనిచేసే విధానం కూడా పాతదే కావాలని వాళ్లు పట్టుబట్టారు. నా దృష్టిలో ఆ కట్టడంకంటే విలువైనది ఆ పట్టుదలే.

భూటాన్‌లో పాత పనితనాన్ని నిలబెట్టే బాధ్యతను రాజ్యమే తలకెత్తుకుంది. జోరిగ్ చుసుమ్ అనే పదమూడు చేతిపనులను థింపూలోని ప్రభుత్వ సంస్థలో నేర్పుతారు. రెండు దేశాల కట్టడాలకు పాత బంధమూ ఉంది: భూటాన్ తూర్పున ఉన్న చోర్టెన్ కోరా స్తూపం ఖాట్మండు బౌద్ధనాథ్‌ను చూసి కట్టినదే. ముల్లంగి మీద చెక్కి తెచ్చిన నమూనా దారిలో వాడి ముడుచుకుపోవడంతో రెండూ అచ్చంగా ఒకేలా కుదరలేదని అక్కడివారు చెప్పుకుంటారు. ఈ రాజ్య సంరక్షణకు చేదు ముఖమూ ఉంది. ఒకే సంస్కృతి, ఒకే వేషధారణ అన్న విధానం అమలైన కాలంలోనే, 1990ల్లో, దక్షిణ భూటాన్‌కు చెందిన నేపాలీ భాషీయులు లక్ష మంది దాకా దేశం వదలక తప్పక నేపాల్ శరణార్థి శిబిరాలకు చేరారు. ఆ అన్యాయాన్ని పనితనం కప్పిపుచ్చలేదు.

భారతీయులు భూటాన్‌లో రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి. కుటుంబంతో వెళ్లేవారికి అది భారమే. అందుకే అక్కడ రోజులు తగ్గించుకునైనా, ముందు ఖాట్మండు లోయలోని పాటన్‌లో నేవారు కంచుపనివారిని చూసి, ఆ తర్వాత థింపూలో చెక్కడం నేర్చుకుంటున్న విద్యార్థుల దగ్గరికి వెళ్లడం మేలు.