ఎడమ చేతికీ ఓ పని

ఒక ఖాళీ చెంబు చేతిలోకి తీసుకుని, దాన్ని ఎన్ని రకాలుగా కదపగలమో లెక్కపెట్టి చూడండి. కుడి ఎడమలకి జరపొచ్చు. పైకెత్తి కిందికి దించొచ్చు. దగ్గరకి తెచ్చుకోవచ్చు, దూరం పెట్టొచ్చు. ఇవి మూడు. ఇక తిప్పడాలు. నీళ్లు ఒంపుతున్నట్టు పక్కకి వంచొచ్చు. మూతి మన వైపుకి వచ్చేలా ముందుకి వంచొచ్చు. నిలువుగానే ఉంచి బొంగరంలా తిప్పొచ్చు. ఇవి మరో మూడు. చెంబైనా, కారు ఇంజనైనా, అంతరిక్ష నౌకైనా ఉన్న కదలికలు ఈ ఆరే. ఏడోది లేదు. ఇంజనీర్లు వీటిని సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. మనం ఆరు స్వేచ్ఛలు అనుకుందాం.

ఇప్పుడు ఆ చెంబు కంప్యూటరు తెర మీద ఉందనుకోండి. మన చేతిలో మామూలు మౌస్ ఉంది. అది బల్ల మీద రెండు దిక్కుల్లోనే జరుగుతుంది. రెండు స్వేచ్ఛలున్న పరికరంతో ఆరు స్వేచ్ఛలున్న వస్తువుని కదపాలంటే ఏవో తంటాలు పడక తప్పదు. సాలిడ్‌వర్క్స్ సంగతే చూడండి. మౌస్ మధ్య బొత్తాం నొక్కి జరిపితే వస్తువు తిరుగుతుంది, కంట్రోల్ కూడా నొక్కితే పక్కకి జరుగుతుంది, షిఫ్ట్ నొక్కితే దగ్గరకో దూరానికో వెళుతుంది. ఇంకో సాఫ్ట్‌వేర్‌కి వెళితే మరో పద్ధతి.

నేను మిషిగన్‌లో కార్ల డిజైనర్లు వాడే మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌కి ప్రోగ్రాములు రాస్తుంటాను. వాళ్ల పని దగ్గర కూర్చుని చూస్తే గీసే సమయం కన్నా తిప్పి చూసే సమయమే ఎక్కువనిపిస్తుంది. బోల్టు వెనక పానా పట్టేంత చోటుందా? తిప్పు. ఆ అంచుని ఎంచుకో. మళ్లీ తిప్పు. చూడటమూ, చెయ్యడమూ రెండూ కుడి చెయ్యే. ఎడమ చెయ్యి కీబోర్డు మీద ఎప్పుడో ఒక మీట నొక్కడానికి కాచుకుని ఉంటుంది.

ఈ చిక్కుకి విరుగుడుగా వచ్చిందే త్రీడీ మౌస్. నిజానికి దీనికి ఎలక లక్షణం ఒక్కటీ లేదు. పరిగెత్తదు, పెట్టినచోటే కూర్చుంటుంది. కింద బరువైన దిమ్మ, పైన వేళ్లతో పట్టుకునే గుండ్రటి బొడిపె. నేను బొడిపె అనే అంటాను.

దీని వెనక కథ ఆసక్తికరమైనది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌస్‌ని జనం ముందు ప్రదర్శించారు. తెర మీది అక్షరాల్ని చూపించడానికి రెండు దిక్కులు చాలు. మూడు కొలతల బొమ్మలు వచ్చాక అవి చాలలేదు. 1980ల్లో డిజైన్ వర్క్‌స్టేషన్ల పక్కన ఎనిమిది బిరడాలున్న పెట్టె ఒకటి ఉండేది. పాత రేడియో బిరడాల్లాగే, ఒక్కోటి తిప్పితే ఒక్కో కదలిక. అన్నీ ఉన్నాయి గానీ ఒకేసారి రెండు మూడు తిప్పడం కష్టం.

ఆరింటినీ ఒకే పిడిలోకి తెచ్చే ప్రయత్నాల్లో ముఖ్యమైనది జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్‌ది. మ్యూనిక్ దగ్గర ఓబర్‌ఫాఫెన్‌హోఫెన్‌లో గెర్డ్ హిర్జింగర్ బృందం రోబో చేతుల్ని నడిపించడానికి ఒక పరికరం చేసింది. 1993లో కొలంబియా షటిల్ మోసుకెళ్లిన రోటెక్స్ అనే రోబో చేతిని వ్యోమగాములు అలాంటి పరికరంతోనే నడిపారు. సంకేతం చేరి తిరిగి రావడానికి కొన్ని సెకన్లు పట్టినా, భూమ్మీద ఉన్నవాళ్లు కూడా నడిపారు. ఆ విద్యే డిజైనర్ల బల్ల మీదికి వచ్చింది. 2001లో త్రీడీకనెక్షన్ అనే కంపెనీ ఏర్పడింది. 2006లో ఆ కంపెనీ స్పేస్‌నావిగేటర్ అనే చిన్న రకం తెచ్చాక మామూలు ఇళ్లలో కూడా ఇవి కనిపించసాగాయి. ఇప్పుడు వచ్చేవి స్పేస్‌మౌస్ పేరుతో దొరుకుతున్నాయి.

బొడిపె లోపల స్ప్రింగులు, చిన్న కాంతి దీపాలు, ఆ కాంతిని పసిగట్టే సెన్సార్లు ఉంటాయి. వేళ్లతో నెట్టితే బొడిపె కొద్ది మిల్లీమీటర్లే కదులుతుంది. వదిలేస్తే మధ్యకి వచ్చేస్తుంది. ఇక్కడ ఒక్క సంగతి అర్థమైతే మిగిలినదంతా తేలిక. మౌస్ చెప్పేది ఎంత దూరం అని, బొడిపె చెప్పేది ఎంత వేగం అని. కారులో ఆక్సిలరేటర్ లాంటిదన్నమాట. కొద్దిగా నొక్కి ఉంచితే నెమ్మదిగా పోతూనే ఉంటుంది, గట్టిగా నొక్కితే పరుగెడుతుంది, వదిలేస్తే ఆగుతుంది. మౌస్‌కి అలవాటుపడ్డ చెయ్యి బొడిపెని కూడా దూరం జరపాలని చూస్తుంది. బొమ్మ తెర దాటి ఎగిరిపోతుంది. మొదటి రోజే చాలామంది దీన్ని సొరుగులో పడేసేది అందుకే.

అసలు లాభం మాత్రం రెండు చేతుల పొత్తులో ఉంది. ఫ్రాన్సుకి చెందిన ఈవ్ గియార్ 1987లో రెండు చేతుల పని విభజన గురించి ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. కుడిచేతివాటం వాళ్లలో ఎడమ చెయ్యి ముందు కదిలి పనికి చోటు అమరుస్తుంది, కుడి చెయ్యి ఆ చోట్లో సన్నటి పని చేస్తుంది అని దాని సారాంశం. రాసేటప్పుడు ఎడమ చెయ్యి కాగితాన్ని జరుపుతూ ఉంటుంది. వీణలో ఎడమ చెయ్యి మెట్ల మీద స్వరస్థానం చూసుకుంటుంది, కుడి చెయ్యి మీటుతుంది. మన కాలేజీల్లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చేసినవాళ్లకి మినీ డ్రాఫ్టర్ గుర్తుండే ఉంటుంది. ఎడమ చేత్తో దాని తల పట్టుకుని స్కేలు అమర్చడం, కుడి చేత్తో పెన్సిలు గీత గియ్యడం. బొడిపె చేసేది ఆ డ్రాఫ్టర్ పనే. ఎడమ చెయ్యి వస్తువుని తిప్పి పట్టుకుంటుంది, కుడి చెయ్యి మౌస్‌తో ఎంచుకుంటుంది. తిప్పుతూండగానే ఎంచుకోవచ్చు.

ఇది కేవలం సదుపాయం గొడవ కాదు. నలభై దాటాక నా కుడి మణికట్టు నొప్పి పెట్టడం మొదలెట్టింది. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కేవి. ఇక్కడ మనలో చాలామందికి పొలం లేదు, కొట్టు లేదు, ఉన్నదల్లా ఈ రెండు చేతులే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువే. చెయ్యి నొప్పి అని చెప్పుకోడానికి కూడా జంకేవాళ్లని చూశాను. డాక్టరు గారు మణికట్టు పట్టీ ఇచ్చి, కుర్చీ ఎత్తు సరిచేసుకోమని, కుడి చేతి పని కొంత ఎడమకి పంచమని చెప్పారు. ఆ మూడోదానికి బొడిపె ఉపయోగపడింది. ఇది మందు అని నేననను. నొప్పి ఉంటే ముందు డాక్టరుకి చూపించుకోండి.

నేర్చుకునేవాళ్లకి నాలుగు మాటలు. ముందు సెట్టింగుల్లో వేగం బాగా తగ్గించండి. మొదట కప్పులాంటి తేలిక బొమ్మ తీసుకుని, జరపడం ఆపేసి తిప్పడం మాత్రమే సాధన చెయ్యండి. తర్వాత జరపడం కలపండి. మోచెయ్యి బల్లకి ఆనించి, బొడిపెని వేళ్ల కొసలతోనే పట్టుకోండి. పిడికిలి బిగిస్తే ఎడమ చెయ్యి కూడా నొప్పెడుతుంది. వస్తువు కదులుతున్నట్టా, మనమే దాని చుట్టూ తిరుగుతున్నట్టా అన్నది కూడా ఎంచుకోవచ్చు. యంత్ర భాగాలకి మొదటిది, ఇంటి లోపల తిరిగి చూడటానికి రెండోది బాగుంటుంది. వారం రోజులు ఓపిక పట్టండి.

అందరికీ ఇది అవసరమా అంటే కాదు. ప్రోగ్రాములు రాసేవాళ్లకీ, స్ప్రెడ్‌షీట్లు చూసేవాళ్లకీ దీంతో పని లేదు. హైస్కూల్లో రోబోటిక్స్ టీమ్‌లో చేరిన పిల్లలు ఆన్‌షేప్‌లోనో ఫ్యూజన్‌లోనో మోడల్స్ చేస్తుంటారు. వాళ్లకి ముందు చక్రం ఉన్న మంచి మౌస్ ఒకటి కొనిపెడితే చాలు. రోజూ గంటల తరబడి చేసే దశకి వస్తే అప్పుడు బొడిపె సంగతి ఆలోచించొచ్చు. బ్లెండర్, ఫ్రీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో కూడా ఇది పనిచేస్తుంది.

చివరిగా ఒక్క మాట. ఎడమ చేత్తో ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని వింటూ పెరిగినవాళ్లం మనం. ఎడమచేతివాటం పిల్లల్ని బలవంతంగా కుడికి మార్చిన ఇళ్లు కూడా మనకి తెలుసు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే బొడిపెని కుడి పక్కన, మౌస్‌ని ఎడమ పక్కన పెట్టండి. చిన్న రకం బొడిపె గుండ్రంగా ఉంటుంది కనుక ఏ చేతికైనా ఒదుగుతుంది. ఏ చెయ్యి పట్టుకోవాలో, ఏ చెయ్యి గియ్యాలో వాళ్లనే తేల్చుకోనివ్వండి.