పెళ్లి షామియానా గాలికి నిలిచేనా?

వైశాఖం, జ్యేష్ఠం ముహూర్తాలంటే పల్లెల్లో షామియానాలకు గిరాకీ. ఎండకు నీడ కావాలన్నదే అందరి ధ్యాస. కాని ఈ నెలల్లోనే పగలంతా ఉక్కపోసి, సాయంత్రానికి ఆకాశం నల్లబడి ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది. అద్దెకు మాట్లాడేటప్పుడు రంగులూ కుర్చీల లెక్కా చూసేవారే గాని, మేకులు ఎలాంటివని అడిగేవారు అరుదు.

రాజస్థాన్‌లో అప్పటి బార్మేర్ జిల్లా జసోల్‌లో 2019 జూన్ 23న రామకథ జరుగుతుండగా గాలివానకు పెద్ద పందిరి కూలింది. దానికి కరెంటు కూడా తోడై 14 మంది మరణించారు.

గాలి వేగం రెట్టింపయితే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు గుడ్డను సుమారు 17 కిలోల బరువుతో నెడుతుంది. 30 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు ఉన్న పక్కతెర ఒక్కదానిపైనే నాలుగు ధాన్యం బస్తాలకు మించిన బరువు పడుతుందన్నమాట. అదంతా చివరికి మోయవలసింది తాళ్లూ మేకులే.

అందుకే బంధువులు ఎక్కువమంది వచ్చేటట్లయితే ఒక్క పెద్ద షామియానా కంటే విడివిడిగా రెండు చిన్నవి మేలు. పైకప్పు వాలుగా ఉన్నది అడగాలి. చదునుగా ఉంటే వాననీరు మడుగు కట్టి రాటలను వంచేస్తుంది.

జానెడు మేకులు పనికిరావు, మూరెడువి కావాలి. రాట ఎంత ఎత్తో అంత దూరాన, తల పందిరికి ఎడంగా వాలేట్టు దిగగొట్టాలి. రేగడి నేల నానితే మేకు జారుతుంది. ఇసుక నేలలో అసలు పట్టే ఉండదు. అక్కడ కర్ర మొద్దునో, ఇసుక బస్తానో మోకాటి లోతు గోతిలో పాతి దానికి తాడు కట్టాలి. నూలు తాడు తడిస్తే బిగుసుకుంటుంది. నైలాను తాడు సాగుతుంది గనుక వాన పడ్డాక మళ్లీ బిగించుకోవాలి.

సిమెంటు రోడ్డు మీద వేసే పందిళ్లతో ప్రమాదం మరీ ఎక్కువ. మేకు దిగదు గదా అని రాట అడుగున నాలుగు ఇటుకలు పేర్చి సరిపెడుతున్నారు. పక్కనున్న కరెంటు స్తంభానికే తాడు బిగించేవారూ లేకపోలేదు. ఇంతకన్నా తెగింపు మరొకటి లేదు. సీరియల్ సెట్ల తీగలను కూడా ఇనుప రాటలకు చుట్టనివ్వరాదు.

మూడు వైపులా తెరలు కట్టి, గాలి వచ్చే వైపు వదిలేస్తే పందిరి సంచిలా ఉబ్బి లేస్తుంది. లోపలికి వచ్చిన గాలి పోవడానికి ఎదుటి వైపు దారి ఉండాలి. పెళ్లి వేదిక వెనుక కట్టే అలంకారపు తెర తరచు ఆ దారికే అడ్డం. దాన్ని క్షణంలో విప్పగలిగేలా ముడి వేయించుకోవాలి.

గాలి లేవగానే మగవాళ్లు పరుగున వెళ్లి రాటలు పట్టుకుని వేలాడటం ప్రతి ఊళ్లోనూ కనిపించేదే. అది మానాలి. ఉరుము వినిపించిన వెంటనే కరెంటు తీయించి, పొయ్యిలు ఆర్పించి, పిల్లలనూ ముసలివారినీ ముందుగా బడికో, పక్కా ఇంటికో చేర్చాలి. పిడుగు నుంచి షామియానా కాపాడదు. ముహూర్తం దాటిపోతుందనుకుంటే తాళి ఆ ఇంటి నడవలోనే కట్టించవచ్చు.