అల్యూమినియంలో బుడగలెందుకు?

ఒక మంచుగడ్డను వెలుతురుకు ఎత్తి చూడండి. అంచుల దగ్గర గాజులా ఉంటుంది. నడుమ మాత్రం పాలు కలిసినట్టు తెల్లగా కనిపిస్తుంది. నీటిలో కరిగివున్న గాలి, నీరు గడ్డకట్టేటప్పుడు చోటు చాలక బుడగలుగా మారి అక్కడ చిక్కుకుపోయిందన్నమాట.

కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మంచుగడ్డ తెల్లబడితే మనకొచ్చిన నష్టమేమీ లేదు. కాని పోతపోసిన కారు చక్రంలో బుడగలు ఒకదానితో ఒకటి కలిస్తే, టైరులోని గాలి లోహం గుండానే మెల్లగా జారిపోతుంది. ఇంజను భాగాల్లో అయితే, అదిరి అదిరి ఆ బుడగ దగ్గరే పగులు మొదలవుతుంది. పైకి అంతా నున్నగానే ఉంటుంది! ఎక్స్-రే తీస్తేగాని లోపలి గుట్టు బయటపడదు.

ఆ బుడగల్లో ఉన్నది గాలేనా? పోసేటప్పుడు గాలి చిక్కుకోవడం కూడా ఉంది గాని, అది వేరే కథ. ఇక్కడి దొంగ హైడ్రోజన్. కరిగిన అల్యూమినియంలో చెప్పుకోదగినంతగా కరిగే వాయువు అదొక్కటే.

మరి కొలిమిలోకి హైడ్రోజన్ ఎవరు తెచ్చారు? నీరు! గాలిలోని తేమ, చెమ్మగిల్లిన లోహపు ముక్కలు, సరిగా ఆరని గరిటె - ఏదైనా చాలు. వేడి అల్యూమినియం నీటి అణువులోని ఆక్సిజన్‌ను లాక్కుని ఆక్సైడుగా మారుతుంది. మిగిలిన హైడ్రోజన్ విడి పరమాణువులుగా లోహంలోకి దూరిపోతుంది. అందుకే వానాకాలం వస్తే పోతపనివారికి బెంగ. (కరిగిన లోహంలో తడి వస్తువు పడితే పేలుడే సంభవించవచ్చు. ఇది ఇంట్లో చేసి చూసే ప్రయోగం కాదు సుమా!)

నీళ్లు వేడెక్కితే అందులోని గాలి బయటికి పోతుంది. అల్యూమినియం తీరు దీనికి తలకిందులు: వేడెక్కిన కొద్దీ మరింత హైడ్రోజన్‌ను మింగుతుంది. 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర 100 గ్రాముల ద్రవ అల్యూమినియం సుమారు 0.7 మిల్లీలీటర్ల హైడ్రోజన్‌ను ఇముడ్చుకోగలదు. అదే వేడిమి దగ్గర గడ్డకట్టిందా, దానికి పట్టేది 0.04 మిల్లీలీటర్లలోపే! దాదాపు ఇరవయ్యో వంతు. మిగతాది ఎక్కడికి పోవాలి? లోహంలో మడతలుపడి తేలుతున్న ఆక్సైడు పొరల సందుల్లో చేరి బుడగ కడుతుంది.

దీన్ని వదిలించే ఉపాయం విచిత్రమైనది. బుడగలను పోగొట్టడానికి బుడగలనే పంపుతారు. గిరగిర తిరిగే గ్రాఫైట్ కడ్డీ గుండా ఆర్గాన్‌నో నైట్రోజన్‌నో ద్రవంలోకి వదులుతారు. ఆ చిన్న బుడగల్లో హైడ్రోజన్ ఉండదు కనుక, లోహంలోని హైడ్రోజన్ వాటిలోకి చేరి, వాటితోపాటు పైకి తేలి పోతుంది.

పోయిందని తెలిసేదెలా? చిన్న గిన్నెడు లోహం తీసి, గాలి చాలామేరకు తోడేసిన గంటకింద గడ్డకట్టనిస్తారు. పీడనం తగ్గితే కొద్దిపాటి హైడ్రోజన్ కూడా పెద్ద బుడగలౌతుంది. తర్వాత ఆ ముక్కను గాలిలోనూ నీటిలోనూ తూచి సాంద్రత కడతారు - మీ పాఠంలోని ఆర్కిమెడీస్ సూత్రమే. అసలు, తూచకముందే ఓ గుర్తు తెలుస్తుంది. ముక్క పైభాగం పూరీలా ఉబ్బితే, ఆ కొలిమిలోని లోహాన్ని ఇంకా అచ్చులో పోయరు. మళ్లీ ఆర్గాన్ వదులుతారు.