ఒక బడి, రెండు హాస్టళ్లు, వందమంది పిల్లలు

కలికిరిలో హాస్టలు బడి అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది సైనిక్ స్కూలే. 2014లో మొదలైంది. మిజోరంలో ప్రయోగం చేసి చూశాక, 2020–21లో ఆడపిల్లల్ని చేర్చుకున్న ఐదు సైనిక్ స్కూళ్లలో ఇదీ ఒకటి. కాకపోతే అక్కడ సీటు రావాలంటే అఖిల భారత ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. కూలికో వ్యాపారానికో బెంగళూరు వెళ్లే మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల తల్లిదండ్రులకు అంతకన్నా ముందు కావలసింది, రాత్రిపూట పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆడా మగా కలిసి చదివే చిన్న క్యాథలిక్ బడికి హాస్టలు ఉంటే బలం అదే, బరువూ అదే. ఎందుకో లెక్క చూద్దాం.

1.34 శాతం

ఈ సీమకు మిషన్ కొత్త కాదు. 18వ శతాబ్దం తొలినాళ్లలోనే ఫ్రెంచి జెస్విట్ ఫాదర్లు పుంగనూరులో స్థావరం ఏర్పరచుకున్నారు. ఇప్పటి కడప క్యాథలిక్ మేత్రాసనం (బిషప్ పరిధిలోని ప్రాంతం) 1976లో ఏర్పడింది. పాత కడప, చిత్తూరు జిల్లాలు దాని కిందికే వస్తాయి. అయినా 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని శాఖల క్రైస్తవులూ కలిసి 1.34 శాతమే. అదే నిష్పత్తిలో పిల్లలు చేరితే 500 మంది బడిలో క్రైస్తవ పిల్లలు ఏడుగురు. అంటే నడిపేది ఫాదర్లు, సిస్టర్లే అయినా చదివేది ఊరందరి పిల్లలు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది.

4 హాళ్లా, 5 హాళ్లా?

బాలల సంరక్షణ గృహాలకు కేంద్రం పెట్టిన నియమం 25 మందికి 1,000 చదరపు అడుగుల పడక హాలు. బడి హాస్టలుకూ దాన్నే కొలబద్దగా తీసుకుందాం. హాస్టలులో వందమంది ఉన్నారనుకుందాం. వందమందీ మగపిల్లలే అయితే నాలుగు హాళ్లు చాలు. 70 మంది మగపిల్లలు, 30 మంది ఆడపిల్లలు అయితే అటు మూడు, ఇటు రెండు, మొత్తం ఐదు కావాలి. అటు ఐదు, ఇటు ఇరవై మంచాలు ఖాళీగా ఉన్నా ఇటువి అటు, అటువి ఇటు వాడుకోలేరు. వార్డెన్లు ఇద్దరు, స్నానాల గదులు రెండు వరసలు, రాత్రి కాపలా రెండు చోట్ల. తరగతి గది ఒకటే అయినా హాస్టలు ఖర్చు మాత్రం రెండిళ్ల కాపురమే.

రోజుకు రూ.46.67

రాష్ట్ర సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో 5 నుంచి 10వ తరగతి పిల్లలకు మెస్ చార్జీ 2023లో నెలకు రూ.1,250 నుంచి రూ.1,400 అయింది. 30 రోజులకు పంచితే రోజుకు రూ.46.67. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం అన్నీ అందులోనే. గుడ్డు ఆరు రూపాయలు అనుకుంటే రోజు డబ్బులో ఎనిమిదో వంతు దానికే సరి. ఇదే రేటున వందమందికి పది నెలలకు రూ.14 లక్షలు. సర్కారు సాయం లేని బడి ఇదంతా తల్లిదండ్రుల దగ్గరో దాతల దగ్గరో రాబట్టుకోవాలి.

25 శాతం సంగతి

మైనారిటీలు తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకునే హక్కు 30(1) అధికరణం ఇచ్చింది. ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న 2009 విద్యా హక్కు చట్టం క్యాథలిక్ బడుల వంటి మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. ఆ నియమం వీటికీ వర్తిస్తే, 40 సీట్ల ఒకటో తరగతిలో పది సీట్లు పేద పిల్లలకు ఇవ్వాల్సి ఉంటుంది.

చేర్పించే ముందు

పదో తరగతి 600 మార్కుల్లో ఎవరికెన్ని వచ్చాయో బడి గేటు మీద ఫ్లెక్సీయే చెబుతుంది. హాస్టలులో వేసే తల్లిదండ్రులు అడగాల్సిన అంకెలు వేరే ఉన్నాయి: ఒక్కో హాలులో ఎంతమంది పడుకుంటారు? నెలకు మెస్ ఖర్చు ఎంత? ఆడపిల్లల హాస్టలులో రాత్రి ఉండే పెద్దవాళ్లు ఎందరు?