గ్రీన్ కార్డు లేకపోతే అమెరికాలో కిడ్నీ మార్పిడి చేయరా?

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మీ అబ్బాయికో, అల్లుడికో కిడ్నీలు పాడయ్యాయని తెలిస్తే వచ్చే మొదటి అనుమానం: ‘గ్రీన్ కార్డు లేదు కదా, దాత కిడ్నీ ఇస్తారా?’ ఇస్తారు. నిబంధనల ప్రకారం వీసా అడ్డు కాదు. అడ్డుపడేది ఖర్చు.

నిబంధన ఏం చెబుతోంది?

1984 నాటి జాతీయ అవయవ మార్పిడి చట్టం కింద అమెరికా అంతటికీ ఒకే వెయిటింగ్ లిస్ట్ ఉంది. మరణించిన దాతల అవయవాలు కేటాయించేటప్పుడు రోగి పౌరసత్వాన్ని, నివాస హోదాను చూడకూడదు. వలస పత్రాలు లేనివారికీ ఇదే వర్తిస్తుంది.

మరి చిక్కు ఎక్కడ?

పేరు లిస్టులో చేర్చాలా వద్దా అన్నది ఆసుపత్రి నిర్ణయం. ఆపరేషన్‌కు, ఆ తర్వాత వాడాల్సిన మందులకు డబ్బు ఎవరు కడతారో ఆసుపత్రి ముందే ఆరా తీస్తుంది. హెచ్-1బీ ఉద్యోగులకు కంపెనీ ఇన్సూరెన్సే ఆధారం. 2025లో వచ్చిన చట్టం మెడికేర్‌ను పౌరులు, గ్రీన్ కార్డుదారులు, మరి కొద్ది వర్గాలకే పరిమితం చేసింది. పత్రాలు లేనివారికి అత్యవసర మెడికెయిడ్ కొన్ని రాష్ట్రాల్లో డయాలసిస్‌కు చెల్లిస్తుంది, మార్పిడికి చెల్లించదు. ఇల్లినాయ్ మాత్రం 2014లో చట్టం చేసి వారికీ కిడ్నీ మార్పిడి ఖర్చు భరిస్తోంది. విచిత్రమేమిటంటే, వీరు అవయవాలు దానం చేయడానికి ఏ హోదా అక్కర్లేదు.

మీరేం చేయాలి?

* పాలసీలో అవయవ మార్పిడి, తర్వాతి మందులు కవర్ అవుతాయో లేదో చూసుకోండి.
* ఉద్యోగం పోతే ‘కోబ్రా’ కింద అదే ఇన్సూరెన్స్‌ను సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. ప్రీమియం మీరే కట్టాలి. ఎంచుకోవడానికి గడువు 60 రోజులు.
* కిడ్నీ ఇచ్చే బంధువు ఇండియాలో ఉంటే బీ-2 వీసాకు దరఖాస్తు చేయవచ్చు. ఆసుపత్రి నుంచి లేఖ తీసుకోండి.
* చూడటానికి వచ్చిన అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్‌ను నమ్ముకోవద్దు. పాత జబ్బులకు చాలా పాలసీలు వర్తించవు.

ఇండియాకు వచ్చేస్తే?

ఇక్కడ మాత్రం పాస్‌పోర్టు లెక్కలోకి వస్తుంది. మరణించిన దాతల అవయవాలు ముందుగా రాష్ట్ర, ప్రాంతీయ, జాతీయ జాబితాల్లోని వారికి వెళ్తాయి. ఆ తర్వాతే భారత సంతతివారికి, చివరగా విదేశీయులకు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇండియాలో చేయించుకుందామని అనుకునే ముందు ఈ వరుస గుర్తుంచుకోవాలి.