లేబులు ఎంతకాలము నిలువవలెను?

చిన్న గాజుసీసాలో ఉన్న సూదిమందు తరచుగా మంచినీటివలె నిర్మలముగా కనిపించును. అది మత్తుమందో, ఉప్పునీటి ద్రావణమో మన కన్నులు చెప్పజాలవు. పైన అంటించిన లేబులే చెప్పవలెను. ఆ అక్షరములు చెరిగిపోయినచో మందు ఎంత మంచిదైనను పారబోయవలసినదే. పారబోయక వాడినచో ప్రాణాపాయము. కావున లేబుళ్లు ముద్రించు యంత్రమును కొనదలచిన వారు ధర అడుగుటకు ముందు, “ఈ లేబులును ఎక్కడ, ఎంతకాలము చదువవలసి యుండును?” అని ప్రశ్నించుకొనవలెను.

పరిశ్రమలలో విరివిగా వాడబడునవి వేడితో ముద్రించు యంత్రములు. వీటి ప్రింట్ హెడ్‌లో అతి సూక్ష్మములైన విద్యున్నిరోధములు ఒకే వరుసలో అమర్చబడి యుండును. నిరోధముగుండా విద్యుత్తు ప్రవహించినపుడు వేడి పుట్టునని మనకు తెలియును. ఎక్కడ చుక్క పడవలెనో అక్కడి నిరోధము మాత్రమే రెప్పపాటుకన్న ఎంతో తక్కువ కాలములో వేడెక్కి చల్లారును. కాగితము ముందుకు జరుగుచుండగా చుక్కలు కలిసి అక్షరములగును. ఇట్టి యంత్రములు రెండు విధములు.

మొదటిది డైరెక్ట్ థర్మల్ పద్ధతి. ఇందు సిరా లేదు; రంగు కాగితపు పూతలోనే దాగి యుండును. ఆ పూతలో రంగులేని ఒక వర్ణద్రవ్యము, ఆమ్లగుణము గల మరొక పదార్థము వేరువేరు రేణువులుగా ఉండును. వేడి తగిలినపుడు అవి కరగి కలియును. ఆమ్లము తగిలిన లిట్మసు రంగు మారినట్లు ఆ చోటు నల్లబడును. అంగడిలో ఇచ్చు బిల్లులు పెక్కు ఇట్టివే. అవి కొన్ని నెలలకే వెలిసిపోవుట అందరికి అనుభవమే. ఎండ, నూనె, స్పిరిటు తగిలిన అక్షరములు మాయును. ఎక్కువ వేడి సోకిన కాగితమంతయు నల్లబడును. కొద్దిదినములలో గమ్యము చేరు పార్సిళ్లకు ఇది చాలును; ఖర్చు కూడ తక్కువ.

రెండవది థర్మల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి. ఇందు ప్రింట్ హెడ్‌కు, లేబులుకు నడుమ ఒక రిబ్బను నడచును. దానిపైనున్న మైనము లేక రెజిన్ కరగి, నల్లని కర్బనముతో సహా లేబులుకు అంటుకొనును. కర్బనము ఎండకు వెలియదు. మైనపు రిబ్బను గిడ్డంగిలోని అట్టపెట్టెలకు సరిపోవును గాని, రాపిడికి చెరుగును. రెజిన్ రిబ్బనుతో పాలియెస్టరు పొరపై ముద్రించినది స్పిరిటుకు కూడ చాలవరకు తట్టుకొనును. ఒక హెచ్చరిక: వాడిన రిబ్బనుపై ముద్రించిన మాటలు ఖాళీ అచ్చులుగా మిగిలి యుండును. రోగుల పేర్లవంటివి ముద్రించినపుడు దానిని ఊరక పారవేయరాదు.

రంగుల బొమ్మలు కావలసినచో ఇంక్‌జెట్ యంత్రమును వాడుదురు. నీరు తగులు చోట్ల వర్ణరేణువులు గల సిరాయే మేలు. సముద్రముపై ఎగుమతియగు రసాయనపు పీపాల లేబుళ్లకు బి.ఎస్. 5609 అను బ్రిటిషు ప్రమాణము కలదు. అందొక పరీక్ష, అంటించిన లేబులును మూడు నెలలు సముద్రతీరమున ఉప్పునీటికి గురిచేయుట.

ముద్రణ నిలిచినను జిగురు ఊడిపోయిన ఫలము లేదు. హైదరాబాదు పరిసరములలో తయారగు టీకాలలో పెక్కు 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నిలువ చేయవలసినవి. బయటికి తీయగానే సీసాపై తేమ చేరును. కావున తడిని ఓర్చు లేబులు, చలికి పట్టువిడువని జిగురు అవసరము.

ఇక చుక్కల సాంద్రత. మిల్లీమీటరుకు 8 చుక్కలు పెద్దపెట్టెకు చాలును. చిన్నసీసాపై సన్నని అక్షరములకు 12 గాని, 24 గాని కావలెను. మనదేశమున 2023 ఆగస్టు 1 నుండి 300 ఔషధ బ్రాండ్లపై బార్‌కోడు లేక క్యూఆర్ కోడు తప్పనిసరి చేయబడినది. కోడులోని గళ్లు ఒకదానిలోనొకటి అలికిపోయిన యంత్రము దానిని చదువజాలదు.

కొనుటకు ముందు మాదిరి లేబుళ్లను మీ వస్తువుపైననే అంటించి చూడుడు. ఒకదానిని ఎండలో, ఒకదానిని శీతలపెట్టెలో ఉంచుడు; ఇంకొకదానిని స్పిరిటు గుడ్డతో రుద్దుడు. కొన్ని వారములకు పిదప ఏది చదువుటకు వీలుగా నిలుచునో, దానిని ముద్రించిన యంత్రమే మీకు తగినది.